గార పళ్ళు తోమితే ఎందుకు పోవు? ఎముక, పన్ను లోపలి కథ

(దగ్గరి షాట్: పళ్ళెంలో రెండు కోడికాలి ఎముకలు)

నమస్తే పిల్లలూ. ఆదివారం కూరలోవి, కడిగి దాచాను. ఒకదాన్ని అయిదు రోజులు వెనిగర్‌లో నానబెట్టాను. చూడండి.

(రెండు చేతులతో ఎముకను వంచాలి)

గోరుచిక్కుడు కాయలా వంగుతోంది గానీ విరగడం లేదు. రెండోదాన్ని కుంపట్లో తెల్లబడేదాకా కాల్చాను. వేళ్ళతో నొక్కితే సుద్దముక్కలా పొడైపోతోంది.

వెనిగర్‌లోని ఆమ్లం ఎముకలోని కాల్షియం ఖనిజాన్ని కరిగించేసింది. మిగిలినవి కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు. నిప్పేమో ఆ పోగుల్ని కాల్చేసి ఖనిజాన్ని మిగిల్చింది. వెనకటి మట్టిగోడలకు మట్టిలో గడ్డి కలిపి తొక్కేవాళ్ళు కదా, ఎముక కట్టుబడీ అలాంటిదే. మట్టి బరువు మోస్తుంది, గడ్డి బీటలు వారనివ్వదు. ఆ ఖనిజం పేరు హైడ్రాక్సీ అపటైట్. కాల్షియం, ఫాస్ఫేట్, హైడ్రాక్సిల్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ జంట) కలిసినది. ఈ హైడ్రాక్సిల్‌ని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

పెద్దవాళ్ళలో ఎముకలు 206. ఆ జాబితా మీ పుస్తకంలో ఉంది. నాకు ముఖ్యమనిపించేది వేరే: ఎముక ఎండుకట్టె కాదు, దానికి ప్రాణం ఉంది. ఆస్టియోక్లాస్టులనే కణాలు పాత ఎముకను కరిగించి గుంటలు చేస్తాయి. ఆస్టియోబ్లాస్టులు ఆ గుంటల్లో కొత్త ఎముకను పోస్తాయి. ఈ పని బతికున్నన్నాళ్ళూ ఆగదు. విరిగిన చెయ్యి అతుక్కునేది అందుకే.

(షాట్: పన్ను నిలువుకోత బొమ్మ)

పన్ను మీది ఎనామిల్ అలా కాదు. ఒంట్లో దానికంటే గట్టిది లేదు, కానీ అందులో కణాలు లేవు, రక్తనాళాలు లేవు. దాన్ని తయారుచేసే కణాలు పన్ను చిగురు దాటి బయటికొచ్చేసరికే పోతాయి. అంటే చిన్నప్పుడు ఎలా తయారైందో అలాగే ఉండిపోతుంది.

నేను పుట్టి పెరిగింది కనిగిరి దగ్గర. నా ముందు పళ్ళ మీద ఈ గోధుమరంగు చారలు చూస్తున్నారుగా? బళ్ళో మమ్మల్ని గార పళ్ళు అనేవాళ్ళు. వేపపుల్ల, బొగ్గు, ఉప్పు, అన్నీ అయ్యాయి. పోలేదు. పోవు కూడా, ఎందుకంటే మరక పైన లేదు, ఎనామిల్ లోపలే ఉంది. మా బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ చేసిన పని అది.

ఫ్లోరైడ్ తెచ్చే ఈ జబ్బు పేరు ఫ్లోరోసిస్. దీన్ని మన దేశంలో పరిశోధకులు మొదట నమోదు చేసింది ఈ ప్రాంతంలోనే, 1937లో. కనిగిరి, పొదిలి, దర్శి అప్పటికి నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చాక అందులో కలిశాయి. ఇక్కడి రాళ్ళలోని ఫ్లోరైడ్ నెమ్మదిగా భూగర్భ జలంలోకి దిగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కాచి తాగితే పోతుందనుకోకండి. నీరు ఆవిరై తగ్గేకొద్దీ ఫ్లోరైడ్ చిక్కబడుతుంది.

ఇప్పుడు హైడ్రాక్సిల్ సంగతి. ఫ్లోరైడ్ సైజులోనూ, విద్యుదావేశంలోనూ దానికి దగ్గరగా ఉంటుంది. అందుకే ఖనిజంలో దాని చోట్లో సులువుగా కూర్చుంటుంది. కొంత మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి, మిగిలింది ఎక్కువగా ఎముకల్లో చేరుతుంది. ఎముక ఎప్పుడూ కొత్తగా కట్టుకుంటూనే ఉంటుంది కాబట్టి పెద్దయ్యాక కూడా తలుపు తెరిచే ఉంటుంది. ఏళ్ళ తరబడి అలా చేరితే ఎక్స్‌రేలో ఎముక దట్టంగా కనిపిస్తుంది, అయినా గట్టిదనం పెరగదు. పైగా ఎముకల్ని కలిపే లిగమెంట్లలోనూ కాల్షియం పేరుకుని అవి బిగుసుకుపోతాయి.

మా తాత మెడ తిప్పలేకపోయేవాడు. వెనక నుంచి "తాతా" అని పిలిస్తే కర్ర ఆనించి ఒళ్ళంతా తిప్పి చూసేవాడు. వయసు మీద పడిందిలే అనుకున్నాం ఇంటిల్లిపాదీ.

(షాట్: చేసి చూపించాలి)

ఒళ్ళు అలా బిగుసుకుందేమో చూసుకుందాం. గడ్డం ఛాతీకి ఆనించండి. రెండు చేతులూ తల వెనక పెట్టండి. మోకాళ్ళు వంచకుండా వంగి పాదాలు ముట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళ చేత కూడా మెల్లగా చేయించండి, బలవంతం వద్దు. చేయలేకపోతే దానికి వేరే కారణాలూ ఉండొచ్చు. డాక్టరుకు చూపించండి. వెళ్ళేటప్పుడు మీ ఇంట్లో తాగే నీళ్ళు పరీక్ష చేయించిన కాగితం కూడా పట్టుకెళ్ళండి.