కోచ్‌ను మార్చే ముందు బోర్డు చెప్పాల్సిన జవాబు

పెద్దలకు, మిత్రులకు, మ్యాచ్ రోజున నీలం, పసుపు జెర్సీలు తొడుక్కుని తిరిగే మన పిల్లలకు నమస్కారం.

పారమట్టా, హారిస్ పార్క్, వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్. సిడ్నీలో తెలుగు మాట తరచుగా వినిపించే ఈ చోట్లన్నీ పారమట్టా ఈల్స్ అనే రగ్బీ లీగ్ జట్టు సొంతగడ్డ మీదే ఉన్నాయి. మనలో పెద్దవాళ్లకు క్రికెట్ తప్ప మరొకటి పట్టకపోవచ్చు. కానీ ఇక్కడ బడికెళ్లే పిల్లలకు రగ్బీ లీగ్ ఇంటి ఆటే. అందుకే ఈల్స్ వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడితే మన భోజనాల దగ్గర కూడా అదే మాట నడుస్తుంది: "ఈ కోచ్‌ను తీసేస్తే గానీ బాగుపడరు." నేను ఈ రోజు ఆ మాట గురించే మాట్లాడతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇవే ఆటగాళ్లతో కొత్తగా వచ్చేవాడు ఏం వేరుగా చేస్తాడు? దీనికి బోర్డు దగ్గర సూటి జవాబు ఉంటేనే కోచ్‌ను మార్చాలి. జవాబు లేకపోతే ఉన్నవాడినే ఉంచాలి, ఎన్ని ఓడినా సరే.

ఆట కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. జట్టుకు పదమూడు మంది. బంతి పట్టుకున్నవాణ్ణి ఎదుటివాళ్లు పట్టి ఆపడమే ట్యాకిల్, బంతి చేతిలో ఉన్న జట్టుకు ఆరు ట్యాకిల్స్ వరకే అవకాశం. ఎదుటివాళ్ల గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే, అంటే ట్రై చేస్తే 4 పాయింట్లు, ఆపైన కిక్ పడితే మరో 2. ఈల్స్ ఆడే పెద్ద లీగ్ ఎన్‌ఆర్‌ఎల్‌లో 2023 నుంచి 17 జట్లున్నాయి, మొదటి ఎనిమిదీ టైటిల్ కోసం ఆడే ఫైనల్స్‌కు వెళ్తాయి. అడుగున మిగిలిన జట్టును కింది లీగ్‌కు దించరు, వుడెన్ స్పూన్ అనే చెడ్డపేరు మాత్రం అంటుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది శాలరీ క్యాప్. ఆటగాళ్ల జీతాల మొత్తానికి లీగ్ ఒక గీత గీస్తుంది. ఎంత డబ్బున్నా ఆ గీత దాటి కొనుక్కోవడానికి వీల్లేదు. పిండి కొద్దీ రొట్టె. ఆ పిండిని కలిపే పని కోచ్‌ది, తూచి ఇచ్చే పని క్లబ్‌ది. ఓటమి వచ్చినప్పుడు మాత్రం కోచ్ ఒక్కడే టీవీ కెమెరా ముందు కూర్చుంటాడు.

2018 సీజన్ రెండో రౌండ్‌లో ఈల్స్, మ్యాన్లీ చేతిలో 54-0తో ఓడింది. సున్నా. ఆ సీజన్‌లో మొదటి ఆరు మ్యాచ్‌లూ పోయాయి. ఏడో రౌండ్‌లో మళ్లీ అదే మ్యాన్లీ ఎదురైంది. ఈసారి ఈల్స్ 44-10తో గెలిచింది. మధ్యలో గడిచింది ఐదు వారాలే. కోచ్ బ్రాడ్ ఆర్థరే, ఆటగాళ్లూ దాదాపు వాళ్లే. మార్చిలో ఆయన చేతకానివాడు, ఏప్రిల్‌లో మొనగాడు అయ్యాడా? ఒక్కో స్కోరు చూసి కోచ్‌ను తూచడం ఎంత ప్రమాదమో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

అంతకు ముందు ఏడాది 2017లో ఇదే ఆర్థర్ జట్టును నాలుగో స్థానంలో నిలబెట్టాడు. 2018లో జట్టు ఆరు మ్యాచ్‌లే గెలిచి అట్టడుగున, పదహారో స్థానంలో నిలిచింది. అభిమానులు మండిపడ్డారు. ఆ కోపం న్యాయమైనదే, టికెట్ డబ్బులు పెట్టి చూసేవాళ్లకు కోపం రాకుండా ఎలా ఉంటుంది? అయినా క్లబ్ ఆయన్ను ఉంచింది. ఊరికే ఉంచలేదు, ఆయన చుట్టూ ఉన్నవాటిని మార్చింది. డిఫెన్స్ చూసుకోవడానికి డేవిడ్ కిడ్‌వెల్ వచ్చాడు. జూనియర్ పావ్లో, బ్లేక్ ఫెర్గూసన్, షాన్ లేన్ వచ్చారు. కోరీ నార్మన్, జారిడ్ హేన్ వెళ్లిపోయారు. ఫిజీ నుంచి వచ్చిన మైకా సివో 2019లో అడుగుపెట్టిన తొలి సీజన్‌లోనే లీగ్‌లో అందరికన్నా ఎక్కువ ట్రైలు చేశాడు. ఆ ఏడాది జట్టు ఐదో స్థానంలో నిలిచింది, కొత్తగా కట్టిన పారమట్టా స్టేడియంలో ఫైనల్స్ మ్యాచ్‌లో బ్రిస్బేన్‌ను 58-0తో చిత్తు చేసింది. నాలుగు, పదహారు, ఐదు. మూడేళ్లలో మూడు స్థానాలు, కోచ్ ఒక్కడే. ఆ తర్వాత 2022లో టైటిల్ తేల్చే గ్రాండ్ ఫైనల్ దాకా వెళ్లింది, పెన్రిత్ చేతిలో 28-12తో ఓడింది. 1986 తర్వాత టైటిల్ లేని క్లబ్‌కు అది చిన్న విషయం కాదు.

ఆర్థర్‌కు ముందు ఈ క్లబ్ ఎలా నడిచిందో చూస్తే ఆ ఓపిక విలువ తెలుస్తుంది. 2007 నుంచి 2013 వరకు ఏడు సీజన్లలో నలుగురు కోచ్‌లు: హేగన్, ఆండర్సన్, కియర్నీ, స్టువర్ట్. ఆండర్సన్ 2009లో ఎనిమిదో స్థానం నుంచి జట్టును గ్రాండ్ ఫైనల్‌కు చేర్చాడు. మరుసటి ఏడాది చివరకు ఆయన ఉద్యోగం పోయింది. స్టువర్ట్ వచ్చిన ఏడాదే, సీజన్ మధ్యలో, పన్నెండు మంది ఆటగాళ్లకు ఇక మీతో పనిలేదని ఒకే సమావేశంలో పేర్లు చూపించి చెప్పారు. సీజన్ కాగానే ఆయన కూడా క్యాన్‌బెర్రాకు వెళ్లిపోయాడు. 2012లోనూ 2013లోనూ ఈల్స్‌దే అట్టడుగు స్థానం. వచ్చిన ప్రతి కోచ్ తన రకం ఆటగాళ్లు కావాలంటాడు. పాతవాళ్ల కాంట్రాక్టులు మిగిలే ఉంటాయి. ఆ జీతాల భారం క్యాప్ మీద పడుతుంది, కొత్త కోచ్‌కు మిగిలేది అరకొర డబ్బు.

ఈ లీగ్‌లో ఇంకో చిక్కు ఉంది. ఒప్పందం చివరి ఏడాదిలోకి అడుగుపెడుతున్న ఆటగాడు నవంబర్ 1 నుంచే వేరే క్లబ్‌తో మాట్లాడుకోవచ్చు. అంటే ఏడాది ముందే సంతకం పెట్టేసి, ఆ ఏడాదంతా పాత జట్టుకే ఆడతాడు. 2022లో గ్రాండ్ ఫైనల్ ఆడిన ఈల్స్‌లో రీడ్ మహోనీ, ఐజాయా పాపలీ, మరాటా నియుకోరే అప్పటికే పక్క క్లబ్‌లకు సంతకాలు చేసినవాళ్లు. ఇంగ్లిషు పరిభాషలో హుకర్ అనే స్థానం జట్టుకు వెన్నెముక, మహోనీ ఆడింది అక్కడే. ఆయన బదులు తెచ్చిన జోష్ హాడ్జ్‌సన్ మెడ గాయంతో 2023లో ఆటకే వీడ్కోలు చెప్పాడు. ఆ ఏడాది జట్టు పదో స్థానానికి జారింది. 2024 మొదట్లో హాఫ్‌బ్యాక్ మిచెల్ మోసెస్ పాదానికి గాయమైంది. 7 నంబర్ జెర్సీ వేసుకునేవాడు లేకపోతే ఎవరికి పాస్, ఎప్పుడు కిక్ అన్నది చెప్పేవాడే లేడన్నమాట. ఓటములు వరుసకట్టాయి. మే 20న ఆర్థర్‌ను తొలగించారు.

ఇక్కడే నాకు బోర్డు మీద అసంతృప్తి. పదకొండో సీజన్‌లో ఉన్న కోచ్‌ను సీజన్ చివర్లో గౌరవంగా సాగనంపితే నేను అభ్యంతరం చెప్పేవాణ్ణి కాదు. అంత కాలం ఒకే గొంతు వింటే ఆటగాళ్లకు విసుగు రావచ్చు. కానీ సగం దారిలో, మోసెస్ గాయం నుంచి కోలుకోక ముందే దింపేసి సాధించిందేమిటి? తాత్కాలిక కోచ్‌తో జట్టు 15వ స్థానంలో ముగించింది. ఆర్థర్ రెండు నెలలు తిరక్కుండానే ఇంగ్లండ్‌లో లీడ్స్ రైనోస్‌కు కోచ్ అయ్యాడు. 2025లో లీడ్స్ నాలుగో స్థానంలో నిలిచి ప్లేఆఫ్స్ ఆడింది.

మరి కోచ్‌ను మారిస్తే ఎప్పుడూ మేలు జరగదా? జరుగుతుంది. మన హైదరాబాదీలు వెంటనే సన్‌రైజర్స్ పేరెత్తుతారని తెలుసు. 2023 ఐపీఎల్‌లో అట్టడుగు, వెటోరీ కోచ్‌గా వచ్చిన 2024లో ఫైనల్. నిజమే. అయితే ఆ వేలంలోనే 20.5 కోట్లకు కమిన్స్‌ను, 6.8 కోట్లకు ట్రావిస్ హెడ్‌ను కొన్నారు. అందులో వెటోరీ వాటా ఎంతో తేల్చడం కష్టం.

బ్రిస్బేన్ కథ వేరు. వాళ్లు 2023లో గ్రాండ్ ఫైనల్ ఆడి, 2024లో పన్నెండో స్థానానికి పడిపోయారు. కెవిన్ వాల్టర్స్‌ను తప్పించి మైకేల్ మగ్వైర్‌ను తెచ్చారు. ఆటగాళ్లలో ముఖ్యులంతా పాతవాళ్లే. మగ్వైర్ అంటే లీగ్‌లో అందరికీ తెలిసింది ఒకటే: ఒళ్లు హూనమయ్యే ప్రాక్టీస్. బ్రిస్బేన్‌లో ప్రతిభకు లోటు లేదు, చివరి అరగంట పరుగెత్తే దమ్ము కావాలి. 2025 ఫైనల్స్‌లో క్యాన్‌బెర్రా మీద, పెన్రిత్ మీద, గ్రాండ్ ఫైనల్లో మెల్‌బోర్న్ మీద, మూడుసార్లూ వెనకబడి గెలిచారు. గ్రాండ్ ఫైనల్ రెండో సగంలో మెల్‌బోర్న్‌కు ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. నేను మొదట్లో చెప్పిన ప్రశ్నకు ఆ బోర్డు దగ్గర జవాబు ఉంది.

ఇదే మగ్వైర్‌ను 2022 జూన్‌లో వెస్ట్స్ టైగర్స్ మధ్యలోనే తీసేసింది. ఆ ఏడాది టైగర్స్ చివరి స్థానం. మరుసటి ఏడాది టిమ్ షీన్స్‌ను తెచ్చారు, 2005లో ఆ క్లబ్‌కు ఏకైక టైటిల్ గెలిపించిన పెద్దాయన. మళ్లీ చివరి స్థానమే. 2024లో బెంజీ మార్షల్ వచ్చాడు, అప్పుడూ అదే. ముగ్గురు కోచ్‌లు, మూడు వుడెన్ స్పూన్లు. తీసేసిన మనిషి బ్రిస్బేన్ వెళ్లి కప్పు ఎత్తాడు. పెన్రిత్ కూడా 2015లో కోచ్ ఐవన్ క్లియరీని అలసిపోయాడంటూ పంపేసి, 2019లో మళ్లీ పిలిచింది. తిరిగొచ్చిన మొదటి ఏడాది పదో స్థానమే. అయినా ఓపిక పట్టారు. 2021 నుంచి 2024 వరకు వరసగా నాలుగు టైటిళ్లు. 2025 మే నెలలో పెన్రిత్ పట్టికలో అడుగున ఉంది, అప్పుడు కూడా క్లియరీని కదపలేదు. సెప్టెంబర్‌లో గ్రాండ్ ఫైనల్‌కు ఒక్క మెట్టు దూరంలో, రెండు పాయింట్ల తేడాతో ఆగిపోయారు.

డచ్ ఫుట్‌బాల్ మీద ఆర్థికవేత్తలు ఒక లెక్క తీశారు. వరసగా ఓడి కోచ్‌ను మార్చిన క్లబ్‌లను, అంతే ఓడి మార్చని క్లబ్‌లను పక్కపక్కన పెట్టారు. రెండూ కోలుకున్నాయి, మార్చనివాళ్లు వెనకబడలేదు. గాయపడినవాళ్లు తిరిగొస్తారు, కష్టమైన మ్యాచ్‌లు అయిపోతాయి. ఆ పేరు కొత్త కోచ్ కొట్టేస్తాడు.

ఇక కోచ్ మాట జట్టులో చెల్లుతోందా లేదా అన్నది స్కోరు బోర్డులో కనబడదు. స్టేడియంలో కూర్చున్నప్పుడు ఒకటి గమనించండి. ప్రత్యర్థి మన డిఫెన్స్ వరసను చీల్చుకుని ముందుకు దూసుకుపోయిన క్షణంలో బంతి వెంట కళ్లు పోనివ్వకండి, వెనక మిగిలిన మనవాళ్లను చూడండి. ఇరవై పాయింట్లు వెనకబడి ఉన్నా, డెబ్బై ఐదో నిమిషంలో కూడా నలుగురైదుగురు తల వంచుకుని వెనక్కి పరిగెత్తుతున్నారంటే ఆ కోచ్ మాట ఇంకా చెల్లుతున్నట్టే. నడుం మీద చేతులు వేసుకుని నిలబడి చూస్తున్నారంటే, అది ఒక్క మ్యాచ్‌లో కాకుండా వారాల తరబడి కనిపిస్తే, అప్పుడు నేను కూడా మార్చమనే అంటాను.

ఇప్పుడు ఆర్థర్ తర్వాత ఈల్స్ కోచ్‌గా వచ్చిన జేసన్ రైల్స్ సంగతి. నాలుగేళ్ల ఒప్పందంతో వచ్చాడు. 2025 మొదటి మ్యాచ్‌లోనే మెల్‌బోర్న్ 56-18తో ఓడించింది. గదర్సన్ లాంటి సీనియర్లను వదులుకుని జట్టును పునాది నుంచి కడుతున్నాడు. పైగా డిలన్ బ్రౌన్ 2026 నుంచి న్యూకాసిల్‌కు ఆడతానని పదేళ్ల ఒప్పందం చేసుకున్నాడు. ఇన్ని జరిగినా 2025లో జట్టు 15 నుంచి 11వ స్థానానికి వచ్చింది. ఈసారి ఓటముల వరస ఎదురైనప్పుడు రైల్స్ పేరు మీద కేకలు మొదలవుతాయి. మీలో క్లబ్ సభ్యత్వం ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ రోజు మీరు కేకలు వేయాల్సింది బోర్డు మీద: వెళ్లిన బ్రౌన్ బదులు ఎవరిని తెచ్చారు, క్యాప్‌లో ఎంత మిగిలింది, వచ్చే నవంబర్‌కు ఎవరెవరి ఒప్పందాలు తేలాలి? ఈ మూడింటికీ జవాబు వచ్చేదాకా రైల్స్‌ను అతని ఒప్పందం పూర్తయ్యేవరకు, 2028 దాకా, ఉంచాలనే నా ఓటు.

ప్రశ్నలు ఉంటే అడగండి, ముఖ్యంగా పిల్లలు.