మూడో వారంలో బరువు ఆగిందా? మీ సర్జరీ ఫెయిల్ కాలేదు

[స్క్రీన్ మీద: వెయిట్ మెషీన్, దాని మీద రెండు పాదాలు. అంకె మారదు.]

"బరువు తగ్గే సర్జరీ అయి మూడు వారాలైంది. వారం నుంచి బరువు ఒక్క గ్రాము కూడా తగ్గలేదు. నా ఆపరేషన్ ఫెయిలైందా?"

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. అడగడంలో తప్పేమీ లేదు, అడగాల్సిందే. నాకు చిరాకు తెప్పించేది ఈ ప్రశ్నకి చుట్టూ ఉన్నవాళ్లు చెప్పే జవాబులు. "నువ్వు ఎక్కువ తింటున్నావేమో." "కడుపు మళ్లీ సాగిపోయి ఉంటుంది." "నాలుగు రోజులు ఉత్త నీళ్ల మీద ఉండు, అదే దిగుతుంది." మూడూ తప్పే. మూడోదైతే తప్పుతో ఆగదు, ప్రమాదం కూడా.

స్లీవ్ (కడుపులో చాలా భాగం తీసేసి సన్నటి గొట్టంలా చేయడం) గానీ, బైపాస్ (గుండెది కాదు, కడుపుని చిన్న సంచిలా చేసి పేగుకి కలపడం) గానీ చేయించుకుని మొదటి రెండు నెలల్లో ఉన్నవాళ్ల కోసం ఈ వీడియో. సర్జరీ ఏంటి, ఎలా చేస్తారు అనేది మీకు నేను చెప్పక్కర్లేదు. నేరుగా లెక్కలోకి వెళ్దాం.

[స్క్రీన్ మీద: 1800 − 700 = 1100]

ఈ దశలో మీ కడుపులోకి రోజుకి ఎంత వెళ్తోంది? మహా అయితే 600, 700, 800 కేలరీలు. ఒంటికి ఎంత కావాలి? బరువు ఎక్కువున్న మనిషికి పెద్దగా కదలకపోయినా సుమారు 1800 ఖర్చవుతుంది అనుకుందాం. తినేది 700 అయితే రోజుకి 1100 కేలరీల లోటు. ఈ లోటు ఎక్కడో ఒకచోట నుంచి పూడాలి కదా. ఒంట్లో కిలో కొవ్వు అంటే సుమారు 7700 కేలరీలు. భాగిస్తే రోజుకి దాదాపు 140 గ్రాములు, వారానికి కిలో. మనిషిని బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి, కానీ లోటు సున్నా మాత్రం కాదు. మెషీన్ మీద అంకె కదలకపోయినా కొవ్వు కరుగుతూనే ఉంది.

మరి ఆ కిలో ఎందుకు కనిపించడం లేదు? దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. వీడియో అంతా దాని మీదే నడుస్తుంది, కాస్త మనసులో పెట్టుకోండి.

ఒక గోదాము ఊహించుకోండి. ముందు చిన్న గది, వెనక పెద్ద గది. రోజువారీ వాడకానికి కావాల్సిన సరుకు ముందు గదిలో ఉంటుంది. ఎప్పటి నుంచో పోగుపడిన బస్తాలు వెనక గదిలో ఉంటాయి. మొత్తం గోదాము ఒక పెద్ద కాటా మీద కూర్చుంది. బస్తాలెన్ని, ఇంకేమున్నాయి అని ఆ కాటా విడివిడిగా చెప్పలేదు. అన్నీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది.

వెనక గదిలో బస్తాలు కొవ్వు. ముందు గదిలో సరుకు గ్లైకోజెన్, అంటే లివర్లో, కండరాల్లో దాచుకున్న చక్కెర నిల్వ. ఇది మొత్తం కలిపినా అర కిలో లోపే. కానీ దీనికో షరతు ఉంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అంటే ముందు గదిలో ప్రతి సంచి పక్కన మూడు నీళ్ల డ్రమ్ములు. సంచి బయటికి వెళ్తే డ్రమ్ములూ దాని వెంటే వెళ్తాయి.

సర్జరీ అయిన మొదటి రోజుల్లో తిండి దాదాపు లేదు. ఒళ్లు ముందు గదినే మొదట ఖాళీ చేస్తుంది. సరుకు, నీళ్లు కలిపి రెండు కిలోల దాకా ఇక్కడే పోతుంది. ఆపరేషన్ టైంలో ఎక్కించిన సెలైన్ బయటికి పోవడం దీనికి అదనం. అందుకే మొదటి పది రోజులు మెషీన్ ఎక్కిన ప్రతిసారీ అంత సంతోషం. నిజంగానే సంతోషించాల్సిన విషయం. కాకపోతే అందులో పెద్ద వాటా నీళ్లది. ఆ వేగాన్ని చూసి "నాకు రోజుకి అర కిలో తగ్గుతుంది" అని లెక్క వేసుకుంటే మాత్రం మూడో వారంలో ఏడుపొస్తుంది.

మధ్యలో ఇంకో మాట. సర్జరీకి ముందు లివర్ చిన్నదవడానికి చాలామందికి లిక్విడ్ డైట్ పెడతారు. అది చేసినవాళ్లకి ముందు గది అప్పటికే సగం ఖాళీ. అందుకని సర్జరీ తర్వాత వాళ్లకి మొదటి దిగుడు చిన్నగా ఉండొచ్చు. పక్క బెడ్ మనిషికి ఎనిమిది కిలోలు, నాకు నాలుగేనా అని పోల్చుకోకండి. వాళ్లు బయల్దేరిన చోటు వేరు.

సరే, మూడో వారం. ఒకేసారి చాలా జరుగుతాయి. లిక్విడ్స్ నుంచి ప్యూరీకో, మెత్తటి తిండికో మారతారు. దాంతో ముందు గదిలోకి కొంచెం సరుకు వస్తుంది, దాని వెంట డ్రమ్ములూ వస్తాయి. కోసిన చోట లోపల ఇంకా మానుతోంది, మానే చోట నీరు చేరడం సహజం. ఒంటికి ఇదంతా పెద్ద ఒత్తిడి. కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరిగి ఒళ్లు ఉప్పునీ నీటినీ వదలకుండా పట్టుకుంటుంది. తిండి తక్కువ, నొప్పి మాత్రలు, ఐరన్ మాత్రలు, వీటన్నిటితో మలబద్ధకం, అదీ బరువే. ఆడవాళ్లకి నెలసరి రోజులు తోడైతే చెప్పనే అక్కర్లేదు.

అంటే వెనక తలుపు నుంచి బస్తాలు రోజూ బయటికి వెళ్తున్నాయి, ముందు తలుపు నుంచి డ్రమ్ములు లోపలికి వస్తున్నాయి. కాటా మీద అంకె అక్కడే ఉంది.

తక్కువ తింటున్నప్పుడు ఒళ్లు నీరు పట్టడం కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1944, 45 ల్లో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకుల మీద పెద్ద అధ్యయనం చేశాడు. ఆరు నెలలపాటు వాళ్లకి సగం తిండే పెట్టారు. కొవ్వు, కండ కరిగిపోతుంటే మరోపక్క కాళ్లకి నీరు దిగి వాచిపోయాయి. వాళ్లు మామూలు బరువున్న ఆరోగ్యవంతులు, మీ పరిస్థితి అది కాదు, రెండింటినీ ఒకే గాటన కట్టలేం. కానీ ఒళ్లు చిక్కుతున్నా ఆ చిక్కడాన్ని నీరు దాచేయగలదు అనడానికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం నాకు తెలియదు.

[స్క్రీన్ మీద: చేత్తో రాసిన నోట్‌బుక్ పేజీ]

ఇప్పుడు ఈ పేజీ చూడండి, ఉదాహరణకి రాశాను. సోమవారం 104.2. మంగళవారం 104.2. బుధవారం 104.4, గుండె గుభేల్. గురువారం 104.3. శుక్ర, శని, ఆదివారాలు 104.2. మళ్లీ సోమవారం 104.1. ఆ రాత్రి మూడుసార్లు బాత్రూంకి లేచారు. మంగళవారం పొద్దున 102.8.

ఒక్క రాత్రిలో కిలోంబావు కొవ్వు కరిగిందా? అసాధ్యం. ఎనిమిది రోజులు రోజుకి 140 గ్రాముల చొప్పున బస్తాలు వెళ్తూనే ఉన్నాయి. ఆ రాత్రి డ్రమ్ములు ఖాళీ అయ్యాయి, అంతే. అందరికీ ఇలా ఒక్క దెబ్బకి పడదు, కొందరికి మెల్లగా జారుతుంది. ఈ ఆగుడు కొందరికి వారం, కొందరికి మూడు వారాలు కూడా ఉంటుంది. కొందరికి రెండో నెలలో ఇంకోసారి వస్తుంది.

కాబట్టి కాటాని కాదు, గోదాము గోడల్ని కొలవండి. టేపు తీసుకోండి. బొడ్డు దగ్గర, తుంటి దగ్గర, తొడ దగ్గర. పొద్దున్నే, ఊపిరి వదిలాక, టేపు బిగించకుండా. వారానికోసారి రాసుకోండి. బరువు అక్కడే ఉండి నడుము రెండు సెంటీమీటర్లు తగ్గిందంటే మీకు కావాల్సిన జవాబు దొరికినట్టే. వేలి ఉంగరం తిరగడం, చెప్పు వదులవడం కూడా చూసుకోండి. బరువు మాత్రం వారానికి ఒక్కసారి, ఒకే రోజు, ఒకే టైంకి. రోజుకి నాలుగుసార్లు మెషీన్ ఎక్కేవాళ్లు ఇంట్లోవాళ్లకి చెప్పి దాన్ని ఎక్కడైనా దాచిపెట్టించండి. నిజంగానే చెప్తున్నాను. మీ సర్జన్ రోజూ చూసి రాయమంటే వాళ్ల మాటే వినండి.

ఇప్పుడు ఆ మూడు జవాబుల సంగతి. "ఎక్కువ తింటున్నావేమో" అన్నదానికి జవాబు మొదట్లో వేసిన లెక్కలోనే ఉంది. ఇక రెండోది. "కడుపు సాగిపోయింది." మొదటి వారంలో రెండు చెంచాలకే నిండిపోయేది, ఇప్పుడు ఐదారు పడుతున్నాయి, అందుకే ఈ భయం. కానీ మొదటి వారంలో కడుపు లోపలంతా వాపు. ఆ వాపు దిగితే కాస్త చోటు వస్తుంది. ఇది సాగడం కాదు, మానడం.

"తగ్గించు, నీళ్ల మీద ఉండు." ఆన్‌లైన్‌లో దీన్ని పౌచ్ రీసెట్, అంటే చిన్నదైన కడుపుని మళ్లీ మొదటి స్థితికి తేవడం, అని కూడా అమ్ముతున్నారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. మళ్లీ గోదాముకి రండి. అక్కడ పనివాళ్లు ఉంటారు, అవే మీ కండరాలు. వాళ్ల కూలి ప్రోటీన్. 700 కేలరీలు తినే మనిషి 300 కి దిగితే మొదట ఆగేది కూలి. కూలి అందకపోతే పనివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతారు. రేపు వెనక గదిలో బస్తాలు మోసేదెవరు? కండ పోయిన ఒళ్లు తక్కువ ఖర్చు పెడుతుంది, ఆరో నెలలో ఆ దెబ్బ తెలుస్తుంది. పైగా నీళ్ల మీద ఉంటే డ్రమ్ములు ఇంకాసిని ఖాళీ అయ్యి అంకె తాత్కాలికంగా పడుతుంది. "చూశారా, పని చేసింది" అంటారు. తిండి మళ్లీ మొదలవగానే అదే నీరు వెనక్కి వస్తుంది, అదే ఏడుపు మొదలవుతుంది.

మరి ఏం చేయాలి? ప్రోటీన్ రోజుకి 60 నుంచి 80 గ్రాములు. మీ డైటీషియన్ ఇంకో అంకె చెప్పి ఉంటే అదే మీ లెక్క. తినేటప్పుడు ప్రోటీన్ ముందు, మిగతావి తర్వాత. నీళ్లు రోజుకి లీటరున్నర తగ్గకుండా. ఒక్కసారి తాగలేరు కాబట్టి 30 మిల్లీలీటర్ల చిన్న కప్పు పక్కన పెట్టుకుని గుక్కగుక్కగా తాగుతూ ఉండండి. తిన్నాక అరగంట ఆగి తాగండి. నీరు పట్టిందని నీళ్లు తాగడం మానేసేవాళ్లున్నారు, అది పూర్తిగా తలకిందులు పని. సర్జరీ తర్వాత జనం మళ్లీ హాస్పిటల్లో చేరడానికి ముఖ్య కారణాల్లో ఒంట్లో నీరు తగ్గిపోవడం ఒకటి.

బరువు ఆగిందని టెన్షన్ పడి గట్టి తిండికి ముందే వెళ్లకండి. కుట్లు ఇంకా పచ్చిగా ఉంటాయి. నడక చాలు. బరువులు ఎత్తడం సర్జన్ ఒప్పుకున్నాకే.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. బీపీ, షుగర్ మాత్రలు పాత డోసులోనే వేసుకుంటూ లేస్తే కళ్లు తిరుగుతుంటే డాక్టర్‌కి వెంటనే చెప్పండి, డోసు మార్చాల్సి ఉండొచ్చు. నీరు పోవడానికని సొంతంగా మాత్రలు అస్సలు వేసుకోవద్దు. విటమిన్లు ఒక్కరోజు కూడా మానొద్దు. మూడు నాలుగు నెలలకి జుట్టు రాలడం మొదలైతే బెంబేలెత్తకండి, చాలామందికి అది మళ్లీ వస్తుంది, కానీ ప్రోటీన్, ఐరన్ ఓసారి చూపించుకోండి.

బరువు సంగతి పక్కన పెట్టి పరిగెత్తాల్సినవి ఇవి. జ్వరం. కూర్చుని ఉన్నా గుండె దడదడలాడటం. పెరుగుతున్న కడుపు నొప్పి, భుజంలో కొత్తగా నొప్పి. ఒక పిక్క వాచి నొప్పెట్టడం, ఊపిరి ఆడకపోవడం. నీళ్లు కూడా లోపల నిలవకపోవడం. వాంతులు ఆగకుండా అవుతుంటే బి1 విటమిన్ పడిపోయి నరాలకి, మెదడుకి దెబ్బ తగలొచ్చు. నడక తూలినా, చూపు రెండుగా కనిపించినా, మాట గజిబిజి అయినా రేపటిదాకా ఆగొద్దు, ఆ రాత్రే హాస్పిటల్‌కి వెళ్లండి.

చివరగా ఒక్కటి. నాలుగు వారాలు దాటినా బరువూ కదలక, టేపూ కదలకపోతే అప్పుడు మీ టీంతో కూర్చోవాలి. జ్యూసులు, తియ్యటి పానీయాలు, గంటగంటకీ నోట్లో వేసుకునే చిన్నచిన్న తిళ్లు, థైరాయిడ్, వేరే మందులు, ఇవన్నీ వాళ్లు చూస్తారు. వెళ్లేటప్పుడు చేతిలో మూడు లెక్కలు ఉండాలి. గత వారం రోజూ ఎన్ని గ్రాముల ప్రోటీన్, ఎన్ని మిల్లీలీటర్ల నీళ్లు, టేపు కొలతలు. ఈ మూడూ రాసి ఉంటే సంగతి పది నిమిషాల్లో తేలుతుంది.