ఈ మధ్య చదివిన నవలలు, మధ్యలో మా అమ్మ బైండింగులు

అందరికీ నమస్కారం. అధ్యక్షుల వారికి, వేదిక మీదున్న పెద్దలకి, కుర్చీలు చాలక వరండాలో నిలబడ్డ పిల్లలకి పేరుపేరునా చెప్పాలి. కానీ నా ముందు మాట్లాడిన ముగ్గురూ ఆ పని చేసేశారు, నేనూ మొదలుపెడితే కరెంటు పోయే టైం అవుతుంది. కరెంటు సంగతి నాకు బాగా తెలుసు, ముప్పై నాలుగేళ్లు ఆ ఆఫీసులోనే లెక్కలు రాసి మొన్న మార్చిలో బయటపడ్డాను.

గ్రంథాలయ వారోత్సవాలు నవంబరు 14 నుంచి 20 దాకా కదా, ఏదో ఒక రోజు మాట్లాడమని లైబ్రేరియన్ మేడం అడిగారు. ఇచ్చిన అంశం 'నవల – సామాజిక ప్రయోజనం'. నాలుగు రోజులు కూర్చుని రాసుకొచ్చాను, ఇవిగో కాగితాలు. కానీ ఇందాక ఒక పెద్దాయన "నవల కాలక్షేపానికి చదివేది కాదు" అన్నారు చూశారూ, అప్పట్నుంచి ఈ కాగితాలు చదవబుద్ధి కావట్లేదు. ఎందుకంటే నేను ఈ ఎనిమిది నెలలూ చదివింది అచ్చంగా కాలక్షేపానికే. అన్నం తిన్నాక నిద్రపోతే రాత్రి నిద్ర పట్టదని మా ఆవిడ పడుకోనివ్వదు, టీవీ పెడితే నాకు పడదు, అందుకని చదివాను. వాటి గురించే చెప్తాను.

మొదట బారిస్టర్ పార్వతీశం. మన మొగల్తూరు వాడు, ఇక్కణ్ణుంచి బస్సెక్కితే ముప్పావుగంట. మొక్కపాటి నరసింహశాస్త్రి గారు మొదటి భాగం 1924లో వేశారు, అంటే వందేళ్లు దాటిపోయింది. మద్రాసులో దొరల టోపీ అనుకుని దొరసానుల టోపీ కొనుక్కుంటాడే, అక్కడ నేను ఒక్కణ్ణే వరండాలో కూర్చుని పైకి నవ్వేస్తుంటే మా ఆవిడ వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చింది, ఏమైందో అని. ఆ నవల్లో ఏ ప్రయోజనం ఉందని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. ఒంట్లో కాస్త తేలిగ్గా అనిపించింది, అంతే.

తర్వాత కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు'. ఒక ముసలాయన, అడవిలో ఈనిన పంది, ఒక రాత్రి. ఇంకేం లేదు. ఆ ముసలాయనకి పేరు కూడా పెట్టలేదు, మనం అడగం కూడా. రెండింటికి మొదలుపెడితే ఐదయింది, టీ చల్లారి పైన మీగడ కట్టింది. ఈ కేశవరెడ్డి గారు డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆస్పత్రిలో డాక్టరుగా చేసేవారు. పగలంతా అంత కష్టం చూసి ఇంటికెళ్లి మళ్లీ ఇంత కష్టాన్ని ఎలా రాశాడా అని ఆ రాత్రంతా అదే ఆలోచన. మూసేశాక కూడా చెవిలో అడవి చప్పుడు పోలేదు.

'కొండపొలం' గురించి ఒక్క మాట. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారిది, 2021లో సినిమా కూడా వచ్చింది. కరువొస్తే గొర్రెల్ని తోలుకుని నల్లమలకి పోవడాన్ని కొండపొలం అంటారట. నేను కాలవ గట్టున పుట్టినవాణ్ణి, నాకు నీళ్లంటే ఇంట్లోకి రాకుండా ఆపుకోవలసినవి, వెతుక్కుంటూ పోవలసినవి కావు. కడప మాటలు సగం అర్థం కాక, అర్థమైనవి నోట్లో తిప్పుకుంటూ నెమ్మదిగా చదివాను. చివర్లో కాస్త పాఠం చెప్పినట్టు అనిపించింది, అది నా ఫీలింగు మాత్రమే, కొట్టకండి.

ఇక డాక్టర్ పి. శ్రీదేవి గారి 'కాలాతీత వ్యక్తులు'. ఎంతమంది చదివారు, చేతులెత్తండి. ఐదుగురు. ఆరు. సరే, మిగతా వాళ్లు ఇవాళే అడిగి తీసుకెళ్లండి. ఈవిడా డాక్టరే. ఒకే ఒక్క నవల రాసి, ముప్పై దాటిందో లేదో, 1961లో పోయారు. అందులో ఇందిర అనే అమ్మాయి ఉంది. ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తుంటుంది, ఆ తండ్రేమో కూతురి జీతం మీద పేకాడుతుంటాడు. ప్రకాశం అని డాక్టరీ చదివే కుర్రాడు, మంచివాడే, కానీ ఇంట్లో పెద్దవాళ్లు కళ్లెర్రజేస్తే జారుకునే రకం. మా వాకింగ్ బ్యాచిలో ఒకాయన "ఆ ఇందిర మంచి మనిషి కాదండీ, స్వార్థపరురాలు" అన్నాడు. నాకెక్కడ లేని కోపం వచ్చేసింది. ఇడ్లీ బండి దాకా వాదించాను, ఇడ్లీ తింటూ వాదించాను, ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. లేని మనిషి కోసం ఉన్న స్నేహితుడితో గొడవ పెట్టుకున్నానన్నమాట, ఈ వయసులో.

ఈ నవల మొదట 'తెలుగు స్వతంత్ర' పత్రికలో 1957–58లో సీరియల్‌గా వచ్చింది. సీరియల్ అన్నాను కాబట్టి, అధ్యక్షుల వారు ఇంకో ఐదు నిమిషాలిస్తే మా అమ్మ సంగతి చెప్తాను. ఇవ్వకపోయినా చెప్తాను.

మా అమ్మ చదివింది ఎనిమిదో తరగతి. వీక్లీలో ఆ వారం సీరియల్ చదవడం అయిపోగానే ఆ పేజీలు బ్లేడుతో కోసి, పిన్నులు ఊడదీసి, ట్రంకుపెట్టెలో చీరల కింద దాచేది. నవల పూర్తయ్యాక బజార్లో బైండింగు అబ్బాయికి ఇచ్చేది. అతను మైదా ఉడకబెట్టి మైలుతుత్తం కలిపి జిగురు చేసేవాడు, పురుగు పట్టకుండా. ఆ పచ్చి వాసన ఇప్పటికీ నాకు నవల వాసనే. వెనకాల కాలికో అనే గట్టి నూలు గుడ్డ, దాని మీద అమ్మ సిరాతో అంకె. అలా ఇరవై మూడు. ఏ పేజీ తిప్పినా వెనక సగం వంకాయ కూర, సగం వారఫలాలు ఉండేవి. ఒక్కోసారి ఒక సీరియల్ ఆఖరి పేజీ వెనకే ఇంకో సీరియల్ మొదలయ్యేది. రెండూ కావాలంటే ఎలా? పక్కింటి పంతులమ్మ గారూ అదే వీక్లీ కొనేవారు కాబట్టి ఇద్దరూ పంచుకునేవాళ్లు, ఈ పేజీ నీకు, ఆ పేజీ నాకు, అన్నదమ్ముల పొలం పంపకాలు కూడా అంత శాంతంగా జరగవు.

అన్నం అడుగంటిందని మా నాన్న అరిచేవాడు. ఉద్యోగం వచ్చాక నేనూ మొదలుపెట్టాను, "ఎందుకమ్మా టైం వేస్టు, కాలక్షేపం నవలలు" అని. ఆ మాట నేనూ అన్నాను, అందుకే ఇందాక పెద్దాయన అంటే గుచ్చుకుంది. ఒక్కటి చెప్పండి, పురాణ కాలక్షేపం అంటాం, హరికథా కాలక్షేపం అంటాం, చెప్పులు బయట విడిచి వెళ్లి కూర్చుంటాం. అదే మాట నవలకొచ్చేసరికి తిట్టెలా అయింది? ఆ పందిట్లో కూర్చున్న వాళ్లని లేచేటప్పుడు ఎవరైనా అడుగుతారా, నీకేం ప్రయోజనం కలిగిందని?

1998లో పాత పెంకుటిల్లు పడగొట్టి స్లాబు వేసేటప్పుడు ఆ బైండింగులన్నీ పాతపేపర్ల వాడికి వేశాను. వేసింది నేనే. వచ్చిన డబ్బుతో ఒక ట్యూబ్‌లైటు కొన్నాను. అమ్మ ఏమీ అనలేదు. "పోన్లేరా, చదివేసినవేగా" అంది.

(ఒక్క నిమిషం. మంచినీళ్లు.)

ఇరవై మూడులో ఒకటి మిగిలింది. అప్పట్లో పంతులమ్మ గారికి చదవడానికి ఇచ్చిందట. ఈ జనవరిలో వాళ్లమ్మాయి ఇల్లు ఖాళీ చేస్తూ తెచ్చి ఇచ్చింది. నవలా, రచయిత్రి పేరూ చెప్పను, అంత గొప్ప నవలేం కాదు. కానీ పధ్నాలుగో వారం దగ్గర అచ్చు పేజీలు లేవు, గీతల నోటుబుక్కు కాగితాలు నాలుగు కుట్టి ఉన్నాయి. అమ్మ దస్తూరి. చూడగానే గుర్తొచ్చింది. నేను ఏడో తరగతిలో ఉండగా ఆ వారం వీక్లీ చింపి సోషల్ నోట్సుకి అట్ట వేసుకున్నాను, వీపు విమానం మోత మోగింది. పంతులమ్మ గారి సంచిక అప్పటికే ఎవరో పట్టుకుపోయారు. అమ్మ ఏం చేసిందంటే, ఆవిడ దగ్గర కూర్చుని ఆ వారం కథ చెప్పించుకుని రాసుకుంది. మధ్యలో సిరా రంగు మారింది. ఒకచోట బ్రాకెట్లో, "ఇక్కడ ఆమె అలిగి వెళ్లిందో, వీళ్లే పొమ్మన్నారో పంతులమ్మ గారికి జ్ఞాపకం లేదు" అని రాసింది. చివర "ఇక అచ్చు చూడుము" అని.

ఈ ఏడు అన్నిటికంటే ఎక్కువసార్లు చదివింది ఆ నాలుగు కాగితాలే.

ఇక్కడ పిల్లలు గ్రూప్స్ పరీక్షలకి చదువుకుంటున్నారు, చదువుకోవాలి, కుర్చీలన్నీ వాళ్లవే, నాకేం బాధ లేదు. నవలలు మాత్రం పై బీరువాలో తాళం వేసి ఉన్నాయి. మనం ఇంటిపన్నుతో రూపాయికి 8 పైసలు గ్రంథాలయం సెస్సు కడుతున్నాం, కనీసం ఆ తాళంచెవి టేబుల్ మీద పెట్టించమని అడగండి. మేడం నవ్వుతున్నారు, అంటే పెట్టిస్తారు. మీ ఇళ్లలో అటకల మీద ఇలాంటి బైండింగులుంటే పాతపేపర్లకి వేసేముందు ఇక్కడికి పట్టుకురండి.

మరి మీరు ఇవ్వరా అని మేడం నిన్నే అడిగారు. ఇద్దామనే తెచ్చాను. రిజిస్టర్లో రచయిత్రి పేరు కింద మా అమ్మ పేరు కూడా ఎక్కిస్తారా అంటే, అలాంటి గడి లేదండీ అన్నారు. నిజమే, నేనూ రిజిస్టర్లు రాసినవాణ్ణే. కాగితాలు నాలుగూ విప్పి ఇంట్లో ఉంచుకుందామంటే కుట్టు ఊడిపోతుంది. అందుకని ఇదిగో, ఈ టేబుల్ మీద పెడుతున్నాను, చేతులు తుడుచుకుని అందరూ చూడండి. జిరాక్సు తీసుకుంటామన్నా సరే. పుస్తకం మాత్రం నేను ఇంటికి తీసుకెళ్తాను.