ఇందులో ఏ ఏరు కలుస్తుందే?

నమస్కారం. కిందటి వీడియోలో జర్మనీలోని ఈ స్టార్న్‌బెర్గ్ సరస్సును చూసి మా అమ్మమ్మ ఫోనులో అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఇన్ని నీళ్లున్నాయి, ఇందులో ఏ ఏరు కలుస్తుందే?" బుడమేరు, తమ్మిలేరు పొంగినప్పుడల్లా కొల్లేరు ఊళ్లమీదికి రావడం చూసిన మనిషి కనుక ఆమెకు ముందు ఏరే గుర్తొస్తుంది. ఆ జవాబు చెప్పడానికే ఈ ఆదివారం మ్యూనిక్‌లో లోకల్ రైలెక్కి మళ్లీ స్టార్న్‌బెర్గ్ వచ్చాను.

పెద్ద ఏరేదీ కలవదు, అమ్మమ్మా. దక్షిణపు కొసన ఓస్టర్ చెరువుల నుంచి వచ్చే వాగు, చుట్టుపక్కల పిల్లకాలువలు, వాన, అంతే. ఆల్ప్స్ నుంచి దిగివచ్చిన హిమానీనదం, అంటే మెల్లగా జరిగే మంచుగడ్డ, సుమారు 20 కిలోమీటర్ల పొడవున నేలను దొలిచి, తాను మోసుకొచ్చిన రాళ్లనూ మట్టినీ అంచుల్లో గుట్టలుగా వదిలేసి కరిగిపోయింది. అలా దొలిచిన గుంటే ఈ సరస్సు. నా వెనక పచ్చగా కనిపిస్తున్నవి ఆ గుట్టలే. నా చేతిలో ఉన్న ఈ బూడిదరంగు గులకరాయి, నడుమ తెల్లటి చారతో, బహుశా ఆ మంచుతోనే కొండ దిగి ఉంటుంది.

లోతు ఒకచోట 127 మీటర్ల పైమాటే. ఉత్తరాన వ్యుర్మ్ అనే చిన్న ఏరు బయటికి పోతుంది. ఆల్ప్స్‌లో చివరి మంచుయుగానికి దాని పేరే పెట్టారు, 1962 దాకా ఈ సరస్సుకూ అదే పేరు. వచ్చేది తక్కువ, ఉన్నది ఎక్కువ కనుక ఇందులోని నీరంతా మారడానికి దాదాపు 21 ఏళ్లు పడుతుందని లెక్క. నేను వచ్చి ఆరేళ్లే అయింది. అప్పటి నీళ్లు చాలావరకు ఇంకా ఇక్కడే ఉన్నాయన్నమాట. పక్కనున్న ఆమ్మర్ సరస్సులో నది మట్టి తెచ్చిపోస్తుంది, కొల్లేరులాగే. దీనికి ఆ బెడద తక్కువ. అయితే మురికి చేరితే తొందరగా పోదు కనుక, చుట్టూ ఉన్న ఊళ్ల మురుగును సరస్సులో కలవనీయకుండా గొట్టాల్లో అవతలికి తీసుకుపోతారు.

ఈ చల్లటి లోతునీళ్లలో పెరిగే చేప రెంకె. పొగబెట్టిన ముక్కను రొట్టెలో పెట్టి 7 యూరోలు, అంటే దాదాపు 700 రూపాయలు తీసుకున్నారు. ఆ డబ్బుకు కైకలూరులో ఇంటిల్లిపాదికీ పులుసు అవుతుందని అమ్మమ్మ అంటుందని తెలుసు, అయినా చేపను చూపిస్తున్నాను. ఉప్పు తప్ప ఇంకేమీ లేదు. సంచిలో మాగాయ ఉంది.