తల ఊపినా చూపు చెదరదెందుకు?

శ్రోతలకు నమస్కారం. మీ అరచేతిని మొహానికి ఎదురుగా, అడుగు దూరంలో పెట్టుకోండి. బండి నడుపుతూ వింటున్నవాళ్లు మాత్రం ఇంటికెళ్లాకే చేయండి. ముందు తల కదపకుండా చేతిని గబగబా అటూ ఇటూ ఊపండి. గీతలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. ఇప్పుడు చేతిని కదలనివ్వకుండా, అంతే వేగంగా తలను అడ్డంగా ఊపండి. గీతలు చక్కగానే కనిపిస్తున్నాయి కదా? ఈ గొప్పతనం కంటిది కాదు, చెవిది.

చెవి వెనుక ఎముక లోతుల్లో, ఒక్కో పక్క మూడేసి సన్నటి గొట్టాలు విల్లులా వంగి ఉంటాయి. వాటి నిండా ద్రవం. మనం తల తిప్పగానే గొట్టం తలతోపాటే తిరుగుతుంది, లోపలి ద్రవం మాత్రం క్షణం వెనకబడుతుంది. ఆ ఒత్తిడికి అక్కడి రోమకణాల మీదున్న సన్నటి కేశాలు వంగుతాయి. అవి వంగితే చాలు, నరం గుండా మెదడుకు కబురు వెళుతుంది. తల కుడికి తిరిగినంత మేరా కళ్లు ఎడమకు జరుగుతాయి. మనం రెప్ప వేసేంతలో ఇది ఎన్నోసార్లు జరిగిపోగలదు.

దీన్ని రోగుల్లో పరీక్షించే దారి చూపినవాడు వియన్నా వైద్యుడు రాబర్ట్ బరానీ. చెవులు నీళ్లతో కడుగుతుంటే కొందరు తల తిరుగుతోందనేవారు. ఒక రోగి నీళ్లు మరీ చల్లగా ఉన్నాయన్నాడు. వేడిచేసి పోస్తే, ఈసారి మరీ వేడి అన్నాడు. బరానీ గమనించిందేమంటే, చల్లనీళ్లకు కనుగుడ్లు ఒక దిక్కుకు కొట్టుకుంటే, వేడినీళ్లకు దానికి ఎదురు దిక్కుకు కొట్టుకున్నాయి. ఒంటి వేడితో సమానమైన నీళ్లకు ఏమీ కాలేదు. వేడి తగిలిన ద్రవం తేలికై పైకి లేస్తుంది, చల్లబడినది బరువెక్కి దిగుతుంది. తల కదలకపోయినా మెదడు మాత్రం కదిలిందనుకుంటుంది. చెవి డాక్టర్లు ఈ పరీక్ష ఇప్పటికీ చేస్తారు. 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి తనకు వచ్చిందని తెలిసేనాటికి బరానీ రష్యాలో యుద్ధఖైదీ!

వినికిడిదీ ఇదే కిటుకు. లోపలి చెవిలో నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన గొట్టం ఉంటుంది, పేరు కాక్లియా. అందులో సుమారు 35 మిల్లీమీటర్ల పొర ఉంటుంది. సన్నాయి పైస్థాయి పలికితే ఆ పొర మొదట్లో ఎక్కువగా ఊగుతుంది, డోలు గుమ్మంటే లోపలి కొసన ఊగుతుంది. ఊగినచోట కేశాలు వంగుతాయి. మనం విన్నదంతా మెదడుకు చేరవేసే పని ప్రధానంగా ఒక్కో చెవిలో మూడున్నర వేల రోమకణాలదే. పెళ్లి ఊరేగింపులో డీజే బాక్సుల పక్కనే నిలబడి వాటిని పోగొట్టుకుంటే మళ్లీ రావు. కోళ్లకైతే తిరిగి మొలుస్తాయి, మనకా భాగ్యం లేదు.

ఇంకో సంగతి. నేల ఎటువైపు ఉందో, లిఫ్ట్ పైకి వెళుతోందో కిందికో చెప్పడానికి లోపలి చెవిలో జిగురు పొర మీద సున్నపు స్ఫటికాలు ఉంటాయి, తాపీమేస్త్రీ చేతిలో రసమట్టంలాగా. వయసు పైబడ్డాకో, తలకు దెబ్బ తగిలితేనో ఇవి ఊడి ఆ వంపు గొట్టాల్లోకి జారతాయి. మంచం మీద పక్కకు ఒత్తిగిలగానే గది గిర్రున తిరుగుతుంది, నిమిషంలోపే ఆగుతుంది. మనవాళ్లు బీపీ అనో, పైత్యం అనో అనుకుని నిమ్మకాయ నీళ్లు తాగి ఊరుకుంటారు. నిజానికి ఈఎన్‌టీ డాక్టరు పడుకోబెట్టి తలను ఒక వరుసలో తిప్పితే స్ఫటికాలు చాలావరకు యథాస్థానానికి చేరతాయి. అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ చెప్పిన పద్ధతి ఇది. చాలామందికి ఒకటి రెండు సార్లకే తగ్గిపోతుంది.

అయితే తల తిరగడంతోపాటు మాట ముద్దగా వచ్చినా, చేయో కాలో పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనిపించినా అది చెవి సంగతి కాకపోవచ్చు. తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.