ముగ్గు లెక్క, ఇంటర్నెట్ కళ

(దృశ్యం: తెల్లవారుజాము, పర్లాకిమిడిలో ఒక వీధి)

నమస్కారం. మార్గశిర గురువారం తెల్లవారేసరికి మా పర్లాకిమిడిలో ఒడియావారి వాకిట తడిపిన బియ్యప్పిండితో దిద్దిన లక్ష్మీపాదాలు, ఆ పక్కనే తెలుగువారి వాకిట చుక్కల ముగ్గు కనిపిస్తాయి. “11 చుక్కలు, 6 వరకు, సందు చుక్క” అని మొదలుపెట్టి, గీతలు ఎలా కలపాలో కూడా ఫోనులో చెబితే, శ్రీకాకుళంలో ఉన్న చెల్లెలు అదే ముగ్గును తన వాకిట వేయగలదు. సాయంత్రానికి అడుగులు పడి పిండి చెరిగినా ఆ లెక్క మాత్రం చెరగదు.

ఈ ముగ్గు లెక్కలాంటి ఆలోచననే అమెరికన్ కళాకారుడు సోల్ లెవిట్ కళకు ఆధారం చేసుకున్నారు. 1967లో రాసిన వ్యాసంలో, ఆలోచనే కళను తయారుచేసే యంత్రమవుతుందన్నారు. మరుసటి ఏడాది నుంచి ఆయన రూపొందించిన గోడచిత్రాలలో చాలావాటికి ఆయన సూచనలు మాత్రమే రాసి ఇవ్వగా, గీసినవారు ఇతరులు. కాన్సెప్చువల్ ఆర్ట్ అంటే ఇదే: కంటికి కనిపించే వస్తువుకంటే దాని వెనకనున్న ఆలోచనకే పెద్దపీట.

(దృశ్యం: మోగుతున్న పబ్లిక్ ఫోన్)

ఇంటర్నెట్‌నే మాధ్యమంగా చేసుకున్న ఇంటర్నెట్ కళ ఈ దారినే నడిచింది. 1994లో బ్రిటిష్ కళాకారుడు హీత్ బంటింగ్ లండన్‌లోని కింగ్స్ క్రాస్ స్టేషన్ పరిసరాల పబ్లిక్ ఫోన్ల నంబర్లను ఇంటర్నెట్‌లో ఉంచి, ఆగస్టు 5న ఫోన్ చేసి అక్కడివారితో మాట్లాడమని అందరినీ కోరారు. గోడకు తగిలించేందుకు అక్కడ ఏమీ లేదు. ముక్కూమొహం తెలియనివారు ఫోనెత్తి మాట్లాడుకోవడమే ఆ కళాకృతి. నాకు ఈ రంగంలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, ఎందుకంటే ఇందులో కంప్యూటర్ తెర కూడా ప్రధానం కాదు.

అదే ఏడాది అమెరికన్ కళాకారుడు డగ్లస్ డేవిస్ ఇంటర్నెట్‌లో “ప్రపంచపు తొలి ఉమ్మడి వాక్యం” ప్రారంభించారు. ఎవరైనా, ఏమైనా చేర్చవచ్చు. ఫుల్‌స్టాప్ పెట్టి ముగించడం మాత్రం కుదరదు. న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం సేకరణలోకి 1995లో చేరిన ఈ వాక్యం, కాలక్రమంలో బ్రౌజర్లు మారిపోవడంతో సరిగా పనిచేయకుండా పోయింది.

(దృశ్యం: పిండి పట్టుకున్న చేయి)

ముగ్గుకు కావలసింది గుప్పెడు పిండి, లెక్క తెలిసిన చేయి. ఇంటర్నెట్ కళకు నియమంతోపాటు సర్వరూ బ్రౌజరూ కూడా బతికి ఉండాలి. అందుకే 2013లో మ్యూజియంవారు ఆ వాక్యాన్ని రెండు రూపాలలో చూపించారు: ఒకటి పాత లోపాలతో ఉన్నదున్నట్టుగా, మరొకటి కొత్తగా మాటలు చేర్చడానికి వీలుగా. అది సరైన నిర్ణయమని నేను నమ్ముతున్నాను. చేర్చడానికి వీలు లేకపోతే డేవిస్ పెట్టిన నియమానికి అర్థం ఉండదు. పాతదాన్ని దిద్దేస్తే ఆనాడు రాసినవారి చేతిగుర్తులు మిగలవు.