మండే డాట్ కామ్ తెలుగు రివ్యూ: మీ టీమ్‌కి ఇది పనికొస్తుందా?

నమస్తే అండి. ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ క్లయింట్లతో పనిచేసే హైదరాబాద్ టీముల్లో ఉన్నవాళ్లలో చాలామందికి ఈ స్క్రీన్ కొత్త కాదు. ఎడమవైపు పనుల పేర్లు, పక్కన ఆ పని ఎవరిదో చెప్పే ఫోటో, ఆ పక్కన ఆకుపచ్చ, నారింజ, ఎరుపు గడులు. అదే మండే డాట్ కామ్, టీములో ఎవరి పని ఎక్కడిదాకా వచ్చిందో అందరూ ఒకేచోట చూసుకునే ఆన్‌లైన్ టూల్. ఈరోజు దీన్ని కొంచెం లోతుగా చూద్దాం, ఎందుకంటే దీని గురించి వచ్చే వీడియోల్లో ఎక్కువ భాగం ఫీచర్ల జాబితా చదివి వదిలేస్తున్నాయి. అసలు ఇది ఎవరి అవసరం కోసం పుట్టింది, ఆ అవసరం మనకూ ఉందా లేదా అన్నది ఎవరూ చెప్పడం లేదు.

ముందు ఇది ఎక్కడ పుట్టిందో చెప్తాను. టెల్ అవీవ్‌లో విక్స్ అనే వెబ్‌సైట్ బిల్డర్ కంపెనీ ఉంది కదా, అక్కడ ఉద్యోగులు పెరిగేకొద్దీ ఎవరు ఏ పని చేస్తున్నారో పక్క టీముకి తెలియని పరిస్థితి వచ్చింది. అక్కడ పనిచేస్తున్న రాయ్ మాన్ కంపెనీ లోపలి వాడకం కోసం ఒక టూల్ మొదలుపెట్టాడు. అదే 2012లో విడిగా కంపెనీ అయింది, ఎరాన్ జిన్‌మన్ కలిశాడు, అప్పటి పేరు డాపల్స్. 2017లో మండే డాట్ కామ్ అయింది, 2021 జూన్‌లో అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌లో షేరు 155 డాలర్ల ధరతో లిస్ట్ అయింది. 2022లో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో యాడ్ కూడా వేశారు. అంటే ఒక ఆఫీసు తన సొంత తలనొప్పి తగ్గించుకోవడానికి చేసుకున్న వస్తువు ఇది, ఆ ఛాయ ఇప్పటికీ కనిపిస్తుంది.

మనుషుల్ని ఆన్‌లైన్‌లో కలిపే సాఫ్ట్‌వేర్ ఇజ్రాయెల్ వాళ్లకు కొత్తేమీ కాదు. ఐసీక్యూ అనే చాటింగ్ సాఫ్ట్‌వేర్ గుర్తుందా? ఇంటర్నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి చాటింగ్ చేసిన తరం వాళ్లకి ఆ పచ్చ పువ్వు గుర్తుండే ఉంటుంది. 1996లో మిరాబిలిస్ అనే చిన్న ఇజ్రాయెల్ కంపెనీ చేసిందది. రెండేళ్లలోనే అమెరికా కంపెనీ ఏఓఎల్ కొనేసింది, ముందుగా ఇచ్చిందే 28.7 కోట్ల డాలర్లు. ఆ ఐసీక్యూ 2024 జూన్‌లో పూర్తిగా మూతపడింది.

సరే, అసలు విషయానికి వద్దాం.

మండేలో నాకు బాగా నచ్చింది ఆ రంగుల బోర్డు కాదు. అలాంటి బోర్డు ఇలాంటి టూల్సే అయిన ట్రెల్లోలో ఉంది, అసానాలో ఉంది, ఓపిక ఉంటే ఎక్సెల్‌లో కూడా చేసుకోవచ్చు. నాకు నచ్చింది అప్‌డేట్స్ అనే భాగం. ప్రతి పని వరుస మీద నొక్కితే పక్కన ఒక ప్యానెల్ తెరుచుకుంటుంది, అందులో ఆ పని గురించిన మాటలన్నీ ఫేస్‌బుక్ పోస్టులూ కామెంట్లలాగే ఉంటాయి. రిప్లై ఇవ్వొచ్చు, లైక్ కొట్టొచ్చు, పేరు ట్యాగ్ చేయొచ్చు, ఎవరు చూశారో కూడా తెలుస్తుంది. చూడ్డానికి చిన్న విషయం. కానీ దీనివల్ల మాట ఎప్పుడూ పని పక్కనే ఉంటుంది. మన ఆఫీసుల్లో ఏం జరుగుతుంది? పని ఒక షీటులో ఉంటుంది, దాని గురించి చర్చ వాట్సాప్ గ్రూపులో జరుగుతుంది, చివరి నిర్ణయం ఎవరో ఫోన్లో చెప్తారు. రెండు నెలల తర్వాత 'ఈ డిజైన్ ఎందుకు మార్చాం?' అని అడిగితే ఎవరి దగ్గరా సమాధానం ఉండదు. స్లాక్ అనే ఆఫీసు చాట్ యాప్ వాడినా ఇదే ఇబ్బంది, అక్కడ మాటలు ఛానల్‌లో కిందికి ప్రవహించి పోతాయి, పైగా ఫ్రీ ప్లాన్‌లో 90 రోజులు దాటిన మెసేజ్‌లు కనబడవు.

ఇది ఎంత ముఖ్యమో ఇజ్రాయెల్ కంపెనీలకు 2023 అక్టోబర్‌లో తెలిసొచ్చింది. హమాస్‌తో యుద్ధం మొదలైన కొద్ది రోజుల్లోనే 3 లక్షల మందికి పైగా రిజర్వ్ సైనికుల్ని పిలిచారు, వాళ్లలో టెక్ ఉద్యోగులు చాలామందే ఉన్నారు. నిన్నటిదాకా కోడ్ రాస్తున్న మనిషి ఈరోజు ఫోన్ ఎత్తడు, ఎప్పుడొస్తాడో చెప్పేవాళ్లు లేరు, హ్యాండోవర్ మీటింగ్ అనే మాటే లేదు. అలాంటప్పుడు పక్కనున్న మనిషి ఆ పని అందుకోవాలంటే అతని తలలో ఉన్నది అంతకుముందే ఎక్కడో రాసి ఉండాలి. ఇది అక్కడి పరిస్థితే అనుకోకండి, మన దగ్గర కూడా కీలకమైన మనిషి నోటీస్ పీరియడ్‌లో ఉన్నాడంటే టీమంతా ఎంత టెన్షన్ పడుతుందో చూస్తూనే ఉన్నాం.

అయితే ఇక్కడ ఒక విషయం నిజాయితీగా మాట్లాడుకోవాలి. ఈ టూల్ తయారైన వాతావరణం వేరు. ఇజ్రాయెల్ టెక్ ఆఫీసుల్లో పై అధికారి, కింది ఉద్యోగి అనే దూరం చాలా తక్కువ, నిన్న చేరిన కుర్రాడు సీఈఓ మొహం మీదే 'ఇది తప్పు' అంటాడు, దాన్ని ఎవరూ అమర్యాదగా తీసుకోరు. అలాంటి చోట ఒక మనిషి తన పని పక్కన ఎరుపు రంగులో 'స్టక్' అని పెట్టడం చాలా మామూలు విషయం. మన దగ్గర అలా పెట్టాలంటే చెయ్యి ఆగుతుంది. సర్ చూస్తారు, అప్రైజల్‌లో అడుగుతారు అనే భయం. దాంతో అన్ని వరుసలూ 'వర్కింగ్ ఆన్ ఇట్' అని నారింజ రంగులోనే నెలల తరబడి ఉండిపోతాయి, ఆ బోర్డు చూసినా ఏమీ అర్థం కాదు. అందుకే మీరు టీమ్ లీడ్ అయితే ఒక్క పని చేయండి: మొదటి వారంలో మీ సొంత పని ఒకదానికి మీరే ఎరుపు పెట్టి, కింద అప్‌డేట్‌లో ఎందుకు ఆగిందో రాయండి. ఆ తర్వాత మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే మొదలుపెడతారు.

ఇక డబ్బు సంగతి. ఇక్కడ నాకు నచ్చనివి కొన్ని గట్టిగానే చెప్పాలి. ఫ్రీ ప్లాన్ ఉంది కానీ ఇద్దరికే. డబ్బు కట్టే ప్లాన్లు కనీసం ముగ్గురితో మొదలవుతాయి. ఏడాదికి కలిపి కడితే బేసిక్ మనిషికి నెలకు 9 డాలర్లు, స్టాండర్డ్ 12, ప్రో 19, కొనే ముందు వాళ్ల సైటులో ఒకసారి సరిచూసుకోండి, ధరలు మారుతుంటాయి. పది మంది దాటాక సీట్లు, అంటే వాడే మనుషుల లెక్క, ఒక్కొక్కటిగా కాకుండా గుంపుగా అమ్ముతారు. అంటే మీ టీములో 11 మంది ఉంటే 15 మందికి కట్టాలి. స్టాండర్డ్‌లో లెక్కేస్తే నెలకు 132 డాలర్లు కావాల్సింది 180 అవుతుంది, ఖాళీ కుర్చీలకే 48 డాలర్లు. చిన్న కంపెనీకి ఇది అన్యాయం.

బేసిక్ ప్లాన్ మాత్రం తీసుకోకండి. అందులో పనుల్ని తేదీల వరుసలో చూపించే టైమ్‌లైన్ లేదు, పనులు వాటంతటవే జరిగేలా చేసే ఆటోమేషన్ లేదు, బయటివాళ్లను గెస్టులుగా పిలవడానికి లేదు. ఎవరు ఏం మార్చారో చూపించే యాక్టివిటీ లాగ్ వారం రోజులదే దొరుకుతుంది, స్టాండర్డ్‌లో ఆరు నెలలది, ప్రోలో ఏడాదిది. ఇందాక చెప్పుకున్నట్టు పని చరిత్ర దాచుకోవడమే మన ఉద్దేశం అయినప్పుడు, వారం లాగ్‌తో ఏం చేసుకుంటాం?

స్టాండర్డ్‌లో ఆటోమేషన్ వస్తుంది. స్టేటస్ 'డన్' అవ్వగానే టెస్టింగ్ వాళ్లకి నోటిఫికేషన్ వెళ్లాలి అని ఒక వాక్యంలాగా సెట్ చేసుకోవచ్చు, కోడింగ్ అవసరం లేదు, ఇది చాలా బాగా చేశారు. కానీ నెలకు మొత్తం అకౌంట్‌కి 250 సార్లే. 15 మంది టీములో మనిషికి 17 చొప్పున కూడా సరిగ్గా రావు, నెల సగంలోనే అయిపోవచ్చు. ప్రోలో 25,000 ఇస్తారు. 250 నుంచి ఒక్కసారిగా 25,000కి దూకడం చూస్తే మనల్ని పై ప్లాన్‌కి నెట్టడానికే అలా పెట్టారనిపిస్తుంది. ప్రైవేట్ బోర్డులు కూడా ప్రో నుంచే, కాబట్టి జీతాల్లాంటివి పెట్టుకోవాలనుకునే హెచ్ఆర్ వాళ్లు ఇది గమనించాలి.

నోటిఫికేషన్లు కూడా తలనొప్పే. మొదట్లో గంట గుర్తు, ఈమెయిల్, ఫోన్ మూడింటికీ వచ్చిపడతాయి. చేరిన రోజే ప్రొఫైల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఈమెయిల్‌వి చాలావరకు ఆపేసుకోండి, లేకపోతే రెండు వారాల్లో ముఖ్యమైనదాన్ని కూడా చూడకుండా వదిలేసే అలవాటు వస్తుంది.

ఏఐ గురించి అడుగుతారని తెలుసు. 2025 నుంచి సైడ్‌కిక్ అనే ఏఐ సహాయకుడనీ మరొకటనీ గట్టిగా ప్రచారం చేస్తున్నారు. పెద్ద అప్‌డేట్ చర్చల్ని కుదించి చెప్పడానికి పర్వాలేదు. దానికోసమే కొనాల్సినంత లేదు.

ఇజ్రాయెల్ టీములతో పనిచేసేవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. వాళ్లకి ఎక్కువగా ఆదివారం నుంచి గురువారం దాకా పని, శుక్ర శనివారాలు సెలవు. మన శుక్రవారం సాయంత్రం 'అర్జెంట్' అని ట్యాగ్ చేస్తే ఆదివారం ఉదయం జవాబు వస్తుంది, అప్పుడు మనం ఇంట్లో ఉంటాం. సమయం తేడా చలికాలంలో మూడున్నర గంటలు, వేసవిలో రెండున్నర. అందుకని గురువారం మధ్యాహ్నానికల్లా మీ సందేహాలన్నీ ఆయా పనుల అప్‌డేట్స్‌లో రాసి పెట్టేయండి. ఇలాంటి చోటే ఈ టూల్ డబ్బుకి తగ్గ విలువ ఇస్తుంది, ఎందుకంటే ఇద్దరూ ఒకేసారి ఆన్‌లైన్‌లో లేకపోయినా మాట ఆగదు. అకౌంట్ సెట్టింగ్స్‌లో వారం ఆదివారం మొదలవ్వాలా సోమవారమా అన్నది కూడా ఇరువైపులవాళ్లూ కలిసి ముందే తేల్చుకోండి, క్యాలెండర్ చూసేటప్పుడు గందరగోళం ఉండదు. ఇంటర్‌ఫేస్ తెలుగులో లేదు, అయితే అప్‌డేట్‌లు హాయిగా తెలుగులో రాసుకోవచ్చు.

నా అభిప్రాయం అడిగితే, ఇద్దరు ముగ్గురు ఉంటే ఇది వద్దు, వాట్సాప్, ఒక షీటు చాలు. ఐదు నుంచి పది మంది ఉండి, వేర్వేరు ఊళ్ల నుంచి పనిచేస్తుంటే స్టాండర్డ్ తీసుకోండి. ఆటోమేషన్ మీద ఆధారపడతామనుకుంటే ప్రో ధర ముందే లెక్కలో పెట్టుకోండి. ఏది కొన్నా ముందు ఉచిత ట్రయల్‌లో మీ నిజమైన ప్రాజెక్టు ఒకటి పెట్టి నడపండి, డెమో బోర్డులు చూసి నిర్ణయించకండి.

మీ టీములో ఎంతమంది, ఇప్పుడు ఏం వాడుతున్నారు, బయటి క్లయింట్లు లోపలికి రావాలా వద్దా, ఈ మూడూ కామెంట్‌లో రాయండి, మీకు ఏ ప్లాన్ సరిపోతుందో నేనే జవాబిస్తాను.